దారి మరిపించే బీడు

కొర్రావా, టుల్లీగర్ అనే రెండు పల్లెల పొలిమేర మీద ఒక బీడు ఉంది. తుంగ తప్ప మరేదీ ఏపుగా పెరగని తడినేల. నాలుగు వైపులా రాతిగట్టు, గట్టు పొడవునా ముళ్ళచెట్లు, లోపలికి పోవడానికైనా బయటికి రావడానికైనా ఒకే ఒక్క సందు. పగలు ప్యాకీ గాలొగ్లీ ఆవులు అందులో మేస్తాయి. పొద్దు వాలితే అవి కూడా సందు దగ్గరికి వచ్చి, ఒకదాన్నొకటి తోసుకుంటూ, బయటికి తోలమని అరుస్తాయి.

ఆ బీడులో ఒక గడ్డిపెళ్ళ ఉందని ప్రతీతి. ఎక్కడుందో ఎవరికీ తెలియదు. చీకట్లో దాని మీద కాలు పడిందా — ఇక సందు కనబడదు. గట్టు పట్టుకుని నడిస్తే గట్టే వస్తుంది... మళ్ళీ గట్టు... మళ్ళీ గట్టు.

లీట్రిమ్ జిల్లాలో ఇటువంటి చోట్లు ఇంకా ఉన్నాయి గాని, ఇంతటి చెడ్డపేరు మరి దేనికీ లేదు. ఒక పశువుల డాక్టరు, దయ్యాలంటే నవ్వేవాడు, ఈనబోయే ఆవును చూసి వస్తూ అడ్డదారిన అందులో దిగి తెల్లవార్లూ తిరిగాడు. వెలుగొచ్చాక చూస్తే సందు అతని వీపు వెనకే ఉంది. ఆ తరవాత ప్యాకీ ఆవులకి ఏ రోగమొచ్చినా ఆయన పగలే వచ్చేవాడు, అదీ రోడ్డు మీదుగా.

అన్నిటికంటే పెద్ద మాట మరొకటి. వందేళ్ళ కిందట ఒక ఆడమనిషి ఆ బీడులోనే చలికి బిగుసుకుపోయి చనిపోయిందనీ, ఆమె ఇంకా బయటపడలేదనీ పెద్దవాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకునేవారు.

ఈ కథ విన్న తీరు కూడా చెప్పడం న్యాయం. సగం ప్యాకీ గాలొగ్లీ చెప్పగా విన్నది — అతను చుక్క ముట్టని ఒక ఆదివారం మధ్యాహ్నం. మిగతా సగం ఊనా మెక్‌టీర్నన్ తన వంటింట్లో కూచుని, టీ చల్లారబెట్టుకుని, ఆగి ఆగి చెప్పింది. ఇద్దరి మాటా ఒక్క చోట తప్ప అంతటా కలిసింది. ఆ కలవని చోట ఊనా మాటనే తీసుకోవడం జరిగింది. లోపల ఉన్నది ఆమె గనక.

ఊనాకి డ్రమ్‌కీల్ బజారులో, గ్రంథాలయం మేడ మీద, ఒక చిన్న గది ఉండేది. సముద్రం దాటిపోయినవాళ్ళ మనవలూ మునిమనవలూ వస్తే వాళ్ళ పూర్వీకుల్ని వెతికిపెట్టడం ఆమె పని. పెళ్ళి నమోదు దొరికితే ఇటు తండ్రి పేరూ అటు తండ్రి పేరూ దొరుకుతాయి. చావు నమోదు దొరికితే ఏ ఊళ్ళో పోయారో, చివరి ఊపిరప్పుడు పక్కన ఎవరున్నారో తెలుస్తుంది. ఆ రెంటినీ ముడివేసుకుంటూ ఒక్కొక్క తరమే వెనక్కి నడవాలి. బతికున్నవాళ్ళకంటే చచ్చిపోయినవాళ్ళే నయమని, అడిగిన దానికి జవాబైనా చెబుతారని ఆమె నవ్వుతూ అనేది.

ఆ నవ్వు వెనక ఒక సంగతి ఉంది. ఊరికంతటికీ తెలుసు, ఎవరూ ఎత్తరు.

ఈ కథ జరిగిన 1996కి ముప్ఫై నాలుగేళ్ళ ముందు ఊనాకి ఒక ఆడపిల్ల పుట్టింది — ప్రాణం లేకుండా. తొలికాన్పు పుట్టింట్లో, టుల్లీగర్‌లో. అప్పటి పద్ధతి అది. జ్ఞానస్నానం పడని బిడ్డకి చర్చి నేలలో చోటు లేదు. అదీ పద్ధతే. చీకటి పడ్డాక తండ్రి ఒక్కడే చిన్న పెట్టె చంకన పెట్టుకుని బయలుదేరాలి. ఎక్కడ పెట్టాడో తల్లికి చెప్పడు. తల్లి అడగదు.

ఆమె భర్త కోల్మ్, కొర్రావా మనిషి, వెళ్ళాడు. చాలాసేపటికి తిరిగొచ్చాడు. బయట నీళ్ళతొట్టి దగ్గర బూట్లు కడుక్కున్న చప్పుడు వినబడింది. ఊనా గోడవైపు తిరిగి పడుకుని, అతను చెబుతాడని ఎదురుచూసింది. అతను చెప్పలేదు. ఆమె అడగలేదు. తరవాత వాళ్ళకి పిల్లలు కలగలేదు.

అలా పుట్టిన బిడ్డకి ఆ రోజుల్లో జననమూ రాసేవారు కాదు, మరణమూ రాసేవారు కాదు. ఊరందరి మృతుల్నీ వెతికిపెట్టే మనిషికి తన బిడ్డ ఒక్కతే ఏ కాగితంలోనూ లేదు. తెలిసినవాడు ఒక్కడే — రోజూ బల్లకి అవతలి వైపు కూచుని ఉడికిన బంగాళాదుంప తొక్క తీసుకునేవాడు. అతన్ని అడగాలని ప్రతి శీతాకాలమూ అనుకునేది. ఏళ్ళు గడిచిన కొద్దీ ఆ మాట గొంతులో ముల్లులా అడ్డం తిరిగింది. మంచివాళ్ళే ఇద్దరూ. ఒకరి మీద ఒకరికి ప్రేమ లేకనూ కాదు. అయినా ఆ ఇల్లు తలుపుల్లేని గదిలా అయిపోయింది.

1996 నవంబరులో పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్ నుంచి లొరైన్ డిగ్నన్ అనే పెద్దావిడ వచ్చింది. డెబ్భై ఏళ్ళు. ఊపిరితిత్తులు చెడ్డాయి. విమానం ఎక్కవద్దన్న డాక్టర్ని మార్చేసి మరీ వచ్చింది. ఆవిడ నానమ్మ హనోరా — బీడులో చనిపోయిన ఆడమనిషి.

ఆ చావు నమోదు ఊనా వెంటనే తీసింది. 1896 నవంబరు, చలికి, పొలంలో — ఒక కానిస్టేబుల్ చెప్పగా రాసుకున్నది. కానీ లొరైన్‌కి కావలసింది అది కాదు.

"మా నాన్న పోయేదాకా కన్నతల్లిని క్షమించలేదు, బంగారం," అంది లొరైన్. "ఏడాది పిల్లాణ్ణి ఉయ్యాల్లో వదిలేసి, తాగి, పొలంలో పడిపోయిందట. మా తాతయ్య దానికి ఔననలేదు, కాదనలేదు. ఆ మాటొస్తే గదిలోంచి లేచిపోయేవాడు. ఆవిడ ఆ సాయంత్రం అందులోకి ఎందుకు వెళ్ళింది? నాకది తెలియాలి. తెలిస్తే చాలు, ఇంక దేవుడు నన్ను తీసుకుపోయినా ఫరవాలేదు."

ఊనా వారం రోజులు వెతికింది. హనోరాకీ ఫారెల్ డిగ్నన్‌కీ పెళ్ళి 1893లో, ఉపవాసకాలానికి ముందురోజు, పెళ్ళికూతురి ఊరి చర్చిలో. తొలి బిడ్డ — లొరైన్ తండ్రి — పుట్టింది రెండేళ్ళ తరవాత. ఆ కాలంలో, ఆ ఇళ్ళలో, పెళ్ళికీ తొలి బిడ్డకీ మధ్య రెండేళ్ళ ఖాళీ అంటే ఆ వృత్తిలో ఉన్న ఎవరికైనా అనుమానం రావాలి. ఊనాకీ వచ్చింది. మధ్యలో మరో బిడ్డ ఉండి ఉండాలని భర్త ఊరు కొర్రావా తాలూకు నమోదులన్నీ వెతికింది. ఏమీ లేదు.

ఆమె చేసిన పొరపాటు చిన్నదే. తొలికాన్పు భర్త ఊళ్ళో జరగదు — భార్య పుట్టింట్లో జరుగుతుంది. హనోరా పుట్టిల్లు టుల్లీగర్ వేరే తాలూకా కిందికి వస్తుంది, నమోదులు వేరే ఆఫీసులో ఉంటాయి. ఈ సంగతి ఆమెకి తెలియక కాదు. ఆమె తొలికాన్పూ అదే ఊళ్ళో జరిగింది. ఆ చోటు దగ్గరికి వచ్చేసరికి ఆమె బుద్ధి పక్కకి తప్పుకుని నడిచింది, అంతే.

లొరైన్ ప్రయాణానికి ముందురోజు మధ్యాహ్నం, సగం తిన్న సోడా రొట్టె చేతిలో ఉండగా, ఆ తప్పు ఆమెకి తట్టింది. కారు తీసి రెండో ఆఫీసుకి వెళ్ళింది. వెతకవలసిన పనే పడలేదు. 1893 నవంబరు. డిగ్నన్. పేరు లేదు. ఆడశిశువు, రెండు గంటలు. చనిపోయిన చోటు టుల్లీగర్. దగ్గరున్నది తండ్రి.

మిగతాది ఏ కాగితమూ చెప్పదు. చెప్పనక్కర్లేదు కూడా. జ్ఞానస్నానానికి వ్యవధి లేని బిడ్డని తండ్రి చీకట్లో ఎత్తుకుని అత్తవారింటి నుంచి తన ఊరివైపు నడిచి ఉంటాడు. ఇటువంటి బిడ్డల్ని రెండు ఊళ్ళలో దేనికీ చెందని నేల మీద, పొలిమేర గట్టు వారన పెట్టేవారు. గుర్తుకి తెల్లరాళ్ళు నాలుగు పేర్చేవారు. టుల్లీగర్‌కీ కొర్రావాకీ మధ్య అటువంటి నేల ఒక్కటే.

హనోరా తాగి వెళ్ళలేదు. వెతుక్కుంటూ వెళ్ళింది.

ఆ రాళ్ళు దొరికితే ఒక ఫోటో, ఒక గుప్పెడు మట్టి లొరైన్ చేతిలో పెట్టవచ్చునని ఊనా ఆశపడింది. నవంబరులో నాలుగున్నరకే చీకటి ముంచుకొస్తుంది. ఆమె బీడు దగ్గర కారు ఆపేసరికి మబ్బు దిగి, కొండ అంచులు అప్పటికే కరిగిపోతున్నాయి.

ప్యాకీ గాలొగ్లీ ఆవుల్ని బయటికి తోలుతున్నాడు. ఎనభై దాటిన బ్రహ్మచారి, నోరు మాత్రం ఇరవైలోనే ఆగిపోయింది. ఎక్కడికని అడిగాడు. ఆమె చెప్పింది. అతను పైపు నోట్లోంచి తీశాడు.

"లోపలికెళ్ళే ముందు ఆ కారు నా పేర రాసిచ్చి వెళ్ళు పిల్లా. ఊరికే తుప్పు పట్టిపోతుంది."

"నీకు నడపడం వచ్చా, ప్యాకీ?"

"రాదు. కోళ్ళని పెట్టుకుంటా."

తరవాత అతను నవ్వడం మానేశాడు. దారి మరపు కమ్మితే కోటు విప్పి, లోపలివైపు బయటికి తిప్పి తొడుక్కోమన్నాడు. తన తండ్రి అలాగే బయటపడ్డాడట. పైపు అయ్యేదాకా సందు దగ్గరే ఉంటానన్నాడు.

ఊనా టార్చి లైటు వేసుకుని లోపలికి దిగింది.

మొదట అంతా మామూలుగానే ఉంది. గట్టు వారనే నడుస్తూ, ముళ్ళచెట్ల మొదళ్ళలో వెలుగు వేస్తూ పోయింది. బూట్ల కింద నేల పీల్చి వదులుతోంది. వెనకనుంచి ప్యాకీ పొగాకు వాసన వస్తోంది. ఒక మూల తిరిగింది. రెండో మూల తిరిగింది. వాసన పోయింది.

మూడో మూల దగ్గర కాలి కింద గడ్డి కాస్త మెత్తగా కుంగింది... అంతే. పెద్దగా ఏమీ జరగలేదు. ఏదో మరిచిపోయినట్టుగా మాత్రం అనిపించింది.

సందు ఉండవలసిన చోట గట్టు ఉంది.

ఇంకొంచెం ముందుకేమో అనుకుంది. గట్టే. చెయ్యి రాళ్ళ మీద ఆనించి, వదలకుండా నడిచింది. రాళ్ళు... ముళ్ళు... రాళ్ళు. మళ్ళీ ఒక మూల. మళ్ళీ ఒకటి. పొలానికి నాలుగే మూలలు ఉంటాయని తనకి తాను చెప్పుకుంది. మరి ఇప్పటికి ఎన్ని తిరిగిందో లెక్క తప్పింది.

ప్యాకీ అని పిలిచింది. గొంతు దూదిలో పడ్డట్టు పడింది. రోడ్డు మీద బండి చప్పుడు లేదు, కుక్క అరుపు లేదు. పొగమంచు నేల నుంచి లేచి మోకాళ్ళ దాకా వచ్చింది.

గట్టెక్కి దూకుదామని చూసింది. ముళ్ళు చేతుల్నీ జుట్టునీ పట్టుకుని వెనక్కి లాగాయి. రెండోసారి ప్రయత్నిస్తే మడమ జారి తడిలో పడింది. లేచేసరికి టార్చి వెలుగు పసుపుపచ్చగా మారింది.

సిగ్గుపడుతూనే కోటు విప్పింది. వేళ్ళు మొద్దుబారి గుండీలు పట్టుబడలేదు. లోపలివైపు బయటికి తిప్పి తొడుక్కుంది. కళ్ళు మూసుకుని, తెరిచింది.

గట్టు.

అప్పుడు మొదటిసారి భయం వేసింది. కానిస్టేబుల్ చెప్పగా రాసిన ఆ మాటలు గుర్తొచ్చాయి — చలికి, పొలంలో. హనోరా కూడా ఇలాగే నడిచి ఉంటుంది. రాళ్ళు పట్టుకుని, మూల తరవాత మూల. కాళ్ళు చచ్చుబడేదాకా. ఆ తరవాత కాసేపు కూచుందామనుకుని ఉంటుంది...

కూచోకూడదని ఊనాకి తెలుసు. నడిచింది. చిత్రమేమిటంటే ఆ నడక ఆమెకి కొత్తగా లేదు. ఒకే గోడ వెంట చెయ్యి ఆనించుకుంటూ, తలుపు ఉండవలసిన చోట తలుపు లేదని తెలుసుకుంటూ నడవడం — ఆ సంగతి ఆమె కాళ్ళకి ఎప్పటినుంచో అలవాటు.

అప్పుడు వినబడింది.

గట్టుకి అవతల... అడుగుల చప్పుడు.

ఊనా ఆగింది. అదీ ఆగింది.

రెండడుగులు వేసింది. అవతల రెండు అడుగులు. తడిగడ్డి మీద, బూట్లు లేని పాదాలు వేసినట్టు, మెత్తగా. ఆవు నడక అలా ఉండదు. ప్యాకీ నడకా అలా ఉండదు.

రాళ్ళ సందుల్లోంచి ఊపిరి వచ్చి ఆమె చేతి మీద తగిలింది. అది వెచ్చగా లేదు.

"...ఎక్కడ పెట్టాడు?"

ఆడగొంతు. అడిగి అడిగి అరిగిపోయిన గొంతు.

పరిగెత్తడానికి దారి లేదు. అరిస్తే వినేవాళ్ళు లేరు. ఊనాకి ఆ క్షణాన తోచింది ఒక్కటే — ఈ మనిషి పేరు తనకి తెలుసు. పెళ్ళి ఏ రోజున అయిందో తెలుసు, బిడ్డ ఎన్ని గంటలు బతికిందో తెలుసు. ఇంత తెలిసి దడుచుకుని పారిపోవడం మర్యాద కాదనిపించిందట. ఈ మాట చెబుతూ ఆమె నవ్వలేదు.

"ఉండు," అంది. "వెతుకుతున్నాను. ఉండమ్మా."

మోకాళ్ళ మీద కూచుని, చేతులతో నేలని తడుముతూ గట్టు వెంట పాకింది. అవతల ఆ పాదాలు కూడా పక్కనే కదిలాయి. అరచేయి ఒక చల్లని నునుపు మీద పడింది. టార్చి తట్టి చూసింది. ముళ్ళచెట్టు మొదట్లో తెల్లరాళ్ళు — సగం నేలలోకి దిగిపోయి, నాచుపట్టి, చిన్న వలయంగా. రెండు అరచేతులు పరిచినంత చోటు.

"ఇక్కడ, హనోరా. చెట్టు మొదట్లో పెట్టాడు. వాన పడని వైపు చూసి పెట్టాడు. ఇక్కడే ఉంది."

అవతల — ఎంతోకాలం నిలబడ్డ మనిషి కూలబడి కూచున్నట్టు — గడ్డి నలిగిన చప్పుడు.

ఇక వదిలేస్తుందనుకుంది ఊనా. తల ఎత్తి సందు కోసం చూసింది.

గట్టు. నాలుగు వైపులా గట్టే.

టార్చి మినుకుమని ఆరిపోయింది. చేయి ఊతం కోసం పక్కకి జాపింది. అక్కడా రాళ్ళు. మరో చిన్న వలయం, పాతదానికి ఆనుకునే. ఇవి నేలలోకి దిగిపోలేదు. వీటి మీద నాచు లేదు. ఎవరో గీకి గీకి తుడుస్తున్నట్టు, గిన్నె అంచులా శుభ్రంగా ఉన్నాయి.

ఆమె చెయ్యి అక్కడే ఉండిపోయింది.

టుల్లీగర్ నుంచి కొర్రావాకి. చీకట్లో. చంకన పెట్టెతో. ఫారెల్ డిగ్నన్ నడిచిన దారే... తన పుట్టింటి నుంచి కోల్మ్ ఇంటికి మరో దారి లేదు.

"ఎక్కడ పెట్టాడు?"

ఈసారి ఆ మాట గట్టుకి అవతల నుంచి వచ్చిందో, తన గొంతులోంచే వచ్చిందో ఊనాకి ఈ రోజుకీ తెలియదు.

వెలుగు పడింది. లాంతరు. కోల్మ్ వస్తున్నాడు — తడుముకోకుండా, అటూ ఇటూ చూడకుండా, తన పెరట్లో నడిచినట్టు నేరుగా ఆమె దగ్గరికి. అతని వెనక, పది గజాల దూరంలో, సందు తెరిచే ఉంది. సందులో ప్యాకీ టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపల కాలు పెట్టలేదు.

కోల్మ్ లాంతరు కింద పెట్టి, తన కోటు తీసి ఆమె భుజాల మీద వేశాడు. ప్యాకీ అదిరిపోయి పరిగెత్తుకొచ్చాడనీ, పిచ్చివాడనీ అన్నాడు.

"నువ్వు ఇక్కడుంటావని నాకు ఒకళ్ళు వచ్చి చెప్పాలా," అన్నాడు.

ఊనా పళ్ళు టకటకలాడుతున్నాయి. ముప్ఫై నాలుగేళ్ళ ముల్లు కదిలింది.

"కోల్మ్... ఎక్కడ పెట్టావు?"

అతను ఆమె వంక అర్థం కానట్టు చూశాడు.

"నీ చెయ్యి దాని మీదే ఉంది గదే."

అతను పక్కన మోకాళ్ళ మీద కూచున్నాడు. పాత రాళ్ళు చూసే ఇక్కడ పెట్టానన్నాడు, పాప ఒక్కతే ఉండకూడదని.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పడానికేముంది? నీకు తెలుసు గదా." కోల్మ్ గొంతులో నిజమైన ఆశ్చర్యం ఉంది. "మొదటి ఏడాది నుంచీ నేనొచ్చిన ప్రతిసారీ నువ్వూ వచ్చేదానివి. గట్టుకి అవతల, తల మీద ముసుగేసుకుని, నాతోపాటే నడిచేదానివి. రెండు మూడుసార్లు పిలిచాను. పలకలేదు. పెట్టె ఎత్తుకుపోయినవాణ్ణి గదా, నా మొహం ఇక్కడ చూడటం నీకు ఇష్టం లేదేమో అనుకున్నాను. సరే, అటువైపు నువ్వూ ఇటువైపు నేనూ, అలాగే కానీ అనుకున్నాను. ఇంటికెళ్ళాక నువ్వు ఆ మాట ఎత్తకపోతే... నేనూ ఎత్తలేదు."

మంచు లాంతరు చుట్టూ తిరుగుతోంది.

"కోల్మ్," అంది ఊనా. "నేను ఈ బీడులో కాలు పెట్టడం ఇదే మొదటిసారి."

అతను లాంతరు ఎత్తాడు — గట్టు మీదుగా, అవతలికి.

అక్కడ గడ్డి ఒకచోట నలిగి ఉంది, ఎవరో కూచుని లేచినట్టు. అడుగుల చప్పుడు దూరంగా, కొర్రావా వైపు, వెనక్కి తిరగకుండా పోతోంది. ఇద్దరూ విన్నారు. అది ఎక్కడా ఆగలేదు.

ఇదీ జరిగింది. ఇక ఎవరెవరు ఏమయ్యారంటే —

లొరైన్ డిగ్నన్ విమానం మర్నాడు ఆవిడ లేకుండానే వెళ్ళింది. ఊనా చెప్పింది విని, పగటి వెలుగులో ఊనా, కోల్మ్‌ల చేతుల మీద ఆని బీడులోకి నడిచి, చెట్టు మొదట్లో కూచుని గంటసేపు తన తండ్రితో మాట్లాడింది — చనిపోయిన ఆ తండ్రితోనే. ఆయన తల్లి ఏం వెతుక్కుంటూ వెళ్ళిందో చెప్పింది. ఆ వసంతంలోనే స్క్రాంటన్‌లో పోయింది. కుటుంబ సమాధి మీద హనోరా పేరు ఇప్పుడు ఉంది.

ప్యాకీ గాలొగ్లీ ఆ సాయంత్రం గురించి తన మాట చివరిదాకా మార్చుకోలేదు. కలవని చోటు ఇదే. ఊనా నడిచి నడిచి అలిసిపోయానంటుంది. ప్యాకీ లెక్కన ఆమె లోపలికి వెళ్ళిన కాసేపటికే ఆ చెట్టు దగ్గర ఆగింది. ఆ తరవాత అక్కడినుంచి అంగుళం కదలలేదు. అతను పదిగజాల దూరం నుంచి గొంతు చించుకుని పిలిచినా తల తిప్పలేదు. కోటు మంత్రం పనిచేయలేదేమని ఎవరైనా ఎగతాళి చేస్తే, అది దారి తప్పినవాళ్ళకి మందు, ఊనా తప్పలేదుగా అనేవాడు. రెండేళ్ళ తరవాత, పొయ్యి పక్కన కుర్చీలోనే పోయాడు. బీడుని కోల్మ్, ఊనాల పేర రాసిపోయాడు.

కొన్నాళ్ళకి చర్చి మనసు మార్చుకుంది. పాదిరీ వచ్చి ఆ నేలకి దీవెన చెబుతాడని ఆదివారం ప్రకటిస్తే, నలుగురు వస్తారేమో అనుకున్నారు. వాన కురుస్తూ ఉండగా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ముసలివాళ్ళు వచ్చారు, ఎవరూ పిలవని ఆడవాళ్ళు. పాదిరీ చుట్టూ చేరలేదు. ఒక్కొక్కరూ గట్టు పొడవునా తలో చోట వెళ్ళి నిలబడ్డారు. కొందరి పక్కన భర్తలు కూడా నిలబడి, చేత్తో ఒక చోటు చూపించారు.

కోల్మ్ ఆ తరవాత పదకొండేళ్ళు బతికాడు. ఆ ఇంట్లో ఇద్దరూ తెగ మాట్లాడుకునేవారనీ, పొరుగువాళ్ళు వెళితే ఆపేవారు కాదనీ చెబుతారు. పాపకి నెస్సా అని పేరు తనలో తాను ఎప్పుడో పెట్టుకున్నాడట. ఊనాకి ఆ పేరు అంతగా నచ్చలేదు. అయినా ఉంచింది. ఒక జనవరిలో, నిద్రలో, అతను పోయాడు. చర్చి వెనక పడుకోబెట్టారు.

హనోరా ఏమైందో ఎవరూ చెప్పలేరు. ఆ సాయంత్రం తరవాత ఆ బీడులో దారి తప్పినవాళ్ళు లేరు.

ఊనా ఇంకా ఉంది. పొద్దు వాలే వేళ కర్ర పట్టుకుని, ఒక్కతే, గట్టుకి ఇటువైపు నడుస్తుంది. నడుస్తున్నంతసేపూ మాట్లాడుతూనే ఉంటుంది — ఆవు ఈనిందనీ, కప్పు కారుతోందనీ, టీపొడి ధర పెరిగిందనీ. వయసు మీదపడిందని ఊరు సర్దుకుంది. కానీ ప్యాకీ చెల్లెలి కొడుకు ఒకసారి కంచె బాగుచేస్తూ రాళ్ళ వెనక నక్కి విన్నాడు. ఆమె ఒక మాట అని, ఆగుతుందట... అవతల ఎవరో జవాబు చెప్పేంతసేపు. తరవాత, "అదేం మాట కోల్మ్," అని నవ్వుతుందట.

గట్టుకి అవతల, బరువైన బూట్లని తడినేల పీల్చి వదులుతున్న చప్పుడు అతనూ విన్నాడు.